గల్లీ మొగదల పాదచారి

రహదారి ప్రమాదములను గూర్చి మన పత్రికలలో వెలువడు వ్రాతలు చాలవరకు పెద్ద దారిని, పెద్ద వాహనమును, పెద్ద వేగమును ఆశ్రయించినవే. లారీ బోల్తాపడినను, బస్సు కల్వర్టును గ్రుద్దినను వార్త యగును. వీథి వెంబడి తన పాటికి తాను నడచిపోవు వృద్ధురాలు ఒక గల్లీ మొగను దాటుచుండగా, వెనుకనుండి వచ్చి మలుపు తిరిగిన మోటారుసైకిలు తగిలి తుంటియెముక విరిగినచో, అది ఇంటివారికి తప్ప ఒరులకు తెలియదు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున మన దేశపు రహదారులపై అసువులు బాసినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది ఏ వాహనమును ఎక్కనివారు, నడచిపోవువారు. ప్రాణము పోక కాలుసేతులు విరిగి మంచమెక్కినవారు ఈ సంఖ్యలోనికి రానే రారు.

ఇక్కడ విచారింపదలచిన ప్రశ్న మిగుల సంకుచితమైనది. ప్రధాన వీథిలో ఒక పక్కరోడ్డు వచ్చి కలియు చోట, ప్రధాన వీథి వెంబడి నేరుగా పోవు పాదచారి ఆ పక్కరోడ్డు మొగను క్షేమముగా దాటుట యెట్లు? ప్రధాన వీథినే అడ్డముగా దాటుట వేరొక సమస్య. సిగ్నళ్ళని, ఎత్తువంతెనలని, డివైడరులో సందులని దానిపై చర్చ చాలినంత జరిగినది, జరుగుచున్నది. కాని కామారెడ్డిలో సిరిసిల్ల రోడ్డు మీదనో స్టేషన్ రోడ్డు మీదనో కొంతదూరము నడచువాడు పెద్ద వీథిని ఒక్కమారు దాటిన, గల్లీ మొగలను పలుమారులు దాటవలసివచ్చును. పెద్ద చౌరస్తాలో ఒక పోలీసువాడైన నిలుచుండును. గల్లీ మొగదల ఎవరును ఉండరు. పాదచారికిని చోదకునికిని మధ్య తగవు తీర్చునది అచ్చట నేలయొక్క ఆకారమే. ఈ మాటయే ఈ సమీక్షకు మూలమని పాఠకులు గ్రహింతురుగాక.

ఈ సమీక్షకు కామారెడ్డిని, ఎల్లారెడ్డిని ఉదాహరణములుగా గ్రహించుటకు కారణము కలదు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైన కామారెడ్డి, పాత ఏడవ నంబరు జాతీయ రహదారి చుట్టు పెరిగిన ఊరు. నేడు 44వ నంబరుతో వ్యవహరింపబడుచున్న శ్రీనగర్–కన్యాకుమారి దారి ఊరి వెలుపలి బైపాసునకు తరలిపోగా, లోపల మిగిలిన పాత దారి అంగళ్ళతోను ఆస్పత్రులతోను కోచింగు కేంద్రములతోను నిండి వీథియైనది. వీథియైనది గాని దాని కొలతలు వీథి కొలతలు కాలేదు. లారీలు తిరుగుటకు ఏనాడో వెడల్పుగా వదలిన మూలలు అట్లే యున్నవి. ఆ మూలలపై నేడు తిరుగునవి మోటారుసైకిళ్ళు, కార్లు. రైలుమార్గము పట్టణమును రెండు చేయుటచే ఇరుపక్కల జనము కొలదిపాటి దారులలోనికే కూడుకొనవలసివచ్చి ఇరుకు మఱింత హెచ్చినది. ఇక ఎల్లారెడ్డి, లింగంపేట మీదుగా కామారెడ్డికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, నిజాంసాగరమునకు చేరువనున్న ఊరు. 2018లో పురపాలక సంఘమైనది. మెదకు నుండి రుద్రూరు వైపు పోవు 765డి నంబరు జాతీయ రహదారి దాని నడుమనుండియే పోవును. ఒక ఊరినుండి హైవే వెడలిపోయినది, రెండవ ఊరిలోనికి హైవే వచ్చినది. గల్లీ మొగదల నడచువానికి రెండింటను కష్టమే. (హైవే పనుల కాగితములలో తరచు వినవచ్చు అడ్లూరు ఎల్లారెడ్డి కామారెడ్డి చెంత 44వ రహదారిపైనున్న గ్రామము, దానిని ఈ ఎల్లారెడ్డిగా పొరబడరాదు.)

అపాయము ఏ తీరున కలుగునో ముందు చూతము. మన దేశమున వాహనములు ఎడమవైపున నడచును గనుక, ఎడమ అంచున వాహనముల దిశనే పోవు పాదచారికి గల్లీలోనికి మళ్ళు బండి వెనుకనుండి వచ్చును. అతనికి వీపున కన్నులు లేవు. చోదకునికో, మలుపు తిరుగునపుడు దృష్టి తాను పోవలసిన గల్లీ లోతట్టునకు పోవును. ఇది మొదటి తీరు. గల్లీనుండి వెలువడి ఎడమకు తిరుగువాడు కుడివైపునుండి వచ్చు వాహనములనే చూచును. ఎడమనుండి ఎదురుగా నడచి వచ్చువాడు అతని చూపునకు అందడు. ఇది రెండవది. మూడవది మన పట్టణములకే ప్రత్యేకమైనది. నడిమి డివైడరులో సందు దూరముగా నుండుటచే, అంతవరకు పోయి యు–టర్ను తీసికొనుటకు ఓపికలేని ద్విచక్రవాహనము అంచు వెంబడి ‘రాంగ్ రూటు’లో గల్లీని చేరును. పాదచారి కుడివైపు చూచి అడుగిడునంతలో ఎడమనుండి బండి తగులును. ఇందు చోదకుని దోషము లేదని ఎవ్వరు ననరు. కాని వందలకొలది జనము ప్రతిదినము ఒకే తప్పు చేయుచున్నపుడు, సందును అంతదూరమున పెట్టినవాని తెలివిని గూడ ప్రశ్నింపవలసియున్నది.

ఇప్పుడు మూలను గూర్చి కొంచెము నిదానముగా మాటలాడుకొందము. ఏలయన సమస్తమునకు కీలకము అదియే. పక్కరోడ్డు ప్రధాన వీథిని కలియు చోట అంచురాళ్ళు ఒక వంపున తిరుగును. ఆ వంపు వ్యాసార్థము పెరిగినకొలది వాహనము వేగము తగ్గింపకయే మలుపు తిరుగగలదు. యంత్రశాస్త్రము చెప్పునదేమన, మలుపులో నిలదొక్కుకొనగల వేగము వ్యాసార్థపు వర్గమూలమును అనుసరించి పెరుగును. వ్యాసార్థమును నాల్గవవంతునకు తగ్గించినచో వేగము సగమగును. ఇది ఒక పక్క. రెండవ పక్క పాదచారి నడక. 6 మీటర్ల వెడల్పుగల గల్లీ, 9 మీటర్ల వ్యాసార్థముగల మూలలతో వచ్చి వీథిలో కలియుచున్నదనుకొనుడు. వీథి అంచునకు ఒకటిన్నర మీటరు లోపలగా, తిన్నగా నడచిపోవువాడు దాటవలసిన దూరము 6 మీటర్లు కాదు. మూలలు రెండును విచ్చుకొనియుండుటచే అది 14 మీటర్లగును. అదే మూలలు 3 మీటర్ల వ్యాసార్థముతో నున్నచో 7 మీటర్ల లోపే. సెకనునకు 1.2 మీటర్ల సాధారణ నడకతో మొదటిదానికి ఇంచుమించు 12 సెకన్లు, రెండవదానికి 6 సెకన్లకు తక్కువ పట్టును. మోకాళ్ళ నొప్పులవారికిని, చంకన బిడ్డనెత్తుకొన్న తల్లికిని ఈ తేడా ఇంకను పెద్దది. అనగా మూలను బిగించుటచే వాహనము నెమ్మదించును, అపాయమున నిలుచు కాలము సగమునకు దిగును. ఒక్క పనివలన రెండు ఫలములు. సగటు వేగము నూటికి ఒకటి పెరిగినచో ప్రాణాంతక ప్రమాదపు అవకాశము నూటికి నాలుగు పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, మన ఊళ్ళలో రోడ్డు వెడల్పు చేయునపుడెల్ల మూలలను ఇంకను గుండ్రముగా చెక్కి ‘ఫ్రీ లెఫ్టు’ కల్పించితిమని సంతోషించుట వింతగానే తోచును. ఎవరికి ఫ్రీ?

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2017 నాటి మోటారు వాహనముల చోదన నిబంధనలు సిగ్నలు లేని పాదచారుల దాటుబాటను సమీపించు చోదకుడు వేగము తగ్గించి, ఆగి, పాదచారికి దారి ఈయవలయునని చెప్పుచున్నవి. 2019 సవరణమున మోటారు వాహనముల చట్టమునకు చేర్చబడిన 198ఎ సెక్షను, నిర్ణీత ప్రమాణములను పాటింపక రోడ్డును రూపించిన, నిర్మించిన, నిర్వహించినవారికి లక్ష రూపాయలవరకు జరిమానా విధించుటకు వీలు కల్పించినది. 2025 మే 14న సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్‌పై నడచు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కున అంతర్భాగమని పలికి, అదే వ్యాజ్యమున అక్టోబరు 7న ఈ విషయమై నియమములు చేయుడని రాష్ట్రములను ఆదేశించినది. బ్రిటనులో 2022 జనవరి 29 నుండి అమలులోనికి వచ్చిన సవరించిన హైవే కోడు, పక్కరోడ్డు మొగను దాటుచున్నవారికే కాక దాటుటకు నిరీక్షించువారికి గూడ మలుపు తిరుగు వాహనము దారి ఈయవలెనని చెప్పినది. అంతకుముందు అడుగు దింపినవానికే ఆ మన్నన. నియమము మంచిదే. కాని నిరీక్షించువాడు నిలుచుటకు చోటులేని మూలలో, అతడు నిరీక్షించుచున్నాడో షట్టరు ముందు బేరమాడుచున్నాడో చోదకునికి తెలియు టెట్లు? అక్షరముగా నున్న హక్కు నేలమీదికి దిగి ఆకారము దాల్చినగాని ఇట్టి చోట పనికిరాదు.

ఆకారములలో మిక్కిలి చవుకయైనది రంగు. తెల్లగీతల జీబ్రా 1951లో బ్రిటనున అధికార గుర్తింపు పొందినది. దానికి ముందు 1934లో హోర్–బెలీషా అను మంత్రి పసుపుపచ్చని గోళపు దీపస్తంభములను పెట్టించెను. ఇటీవల గ్రేటర్ మాంచెస్టరు ప్రాంతమున, ఆ దీపస్తంభముల ఖర్చు లేకుండ వట్టి గీతలనే పక్కరోడ్ల మొగలయందు వేసి పరీక్షింపగా దారి ఇచ్చు చోదకులు పెరిగినట్లు గమనింపబడినది. ఈ ఫలితమును మన ఊళ్ళకు యథాతథముగా అన్వయింపరాదని నా అభిప్రాయము. గీతయన్న ఆగు అలవాటు తరతరములుగా ఉన్న చోట గీత ఆజ్ఞ, లేనిచోట అలంకారము. పైగా అది పాదచారికి లేని ధైర్యమును కల్పించును, చోదకునికి మాత్రము ఏమియు కల్పింపదు. ఒక వర్షాకాలము గడచునప్పటికి గీతలు మాసిపోవుట వేరొక కథ.

రంగునకు పైమెట్టు ఎత్తు. స్పీడ్ బ్రేకరన్న మనకందరికి ఎఱుకయే. నడుము విరుగునట్టి ఇరుకైన గుట్ట, ప్రమాదము జరిగిన మరునాడు కోపముతో పోసిన మట్టికట్ట, మేకులు లేచిన రబ్బరు ముక్కలు. మన రోడ్ల ప్రమాణములను కూర్చు సంస్థయైన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో నిర్ణయించిన ఆకారము వేరు. 17 మీటర్ల వ్యాసార్థపు వంపు, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్ల వేగమున కుదుపులేకుండ దాటునట్లు. విశేషమేమన, 1988 నాటి ఆ మార్గదర్శకములోనే చిన్న రోడ్డు వచ్చి గ్రామీణ ప్రధాన రహదారిని కలియు ‘టీ’ కూడలి, బ్రేకరు వేయదగిన చోట్లలో నొకటిగా పేర్కొనబడియున్నది. జాతీయ రహదారిపై బ్రేకరు కూడదు; కాని దానిలో వచ్చి కలియు గల్లీపై కూడును. ఎల్లారెడ్డివంటి చోట ఈ భేదమును గుర్తించుట ముఖ్యము. హైవేపై చేయి వేయలేకున్నను, పురపాలక సంఘము తన గల్లీ మొగను తాను చక్కబెట్టుకొనవచ్చును.

అయితే గుట్ట కంటె అరుగు మేలు. గల్లీ మొగను ఫుట్‌పాత్ ఎత్తునకు సమముగా లేపి, రెండువైపుల వాలు కట్టినచో పాదచారి దిగకయే ఎక్కకయే తిన్నగా పోవును. ఎక్కి దిగవలసినది వాహనము. హాలెండు దేశమున దీనిని పరాకాష్ఠకు తెచ్చిరి. అచ్చట చిన్నవీథి మొగదల ఫుట్‌పాత్ అదే రాయితో, అదే రంగుతో, తెగకుండ సాగిపోవును. దానిమీదుగా వెలువడు వాహనము, ఇంటి ఆవరణనుండి రోడ్డుమీదికి వచ్చుదానివలెనే, నడచువారితో సహా అందఱికి దారి ఈయవలయుననుట వారి చట్టము. ఎవరు కొనసాగుచున్నారు, ఎవరు అడ్డము వచ్చుచున్నారు అన్న ప్రశ్నకు అచ్చటి నేలయే సమాధానము చెప్పును. ఇందులకు ఆక్షేపణ లేకపోలేదు. అంచురాయి దిగుటను కాలితోనో కర్రతోనో కనిపెట్టి ఇది రోడ్డని తెలిసికొను అంధులకు, తెగని ఫుట్‌పాత్ మోసము కావచ్చునని స్కాట్లండునందలి పరిశోధకులు హెచ్చరించిరి. కావున అరుగునకు ముందు వెనుకల బుడిపెల పలకలు ఉండి తీరవలెను. మన పట్టణములలో ఆ పసుపుపచ్చని పలకలు సౌందర్యమునకై పరచినట్లు కరెంటు స్తంభమునకు గ్రుద్దుకొనునట్లు పోవుట నేను పలుచోట్ల చూచితిని.

అసలు ఫుట్‌పాత్ ఎక్కడ యని మీరడుగుట న్యాయమే. మన చిన్న పట్టణములలో నిజమైన ఫుట్‌పాత్ మోరీపై కప్పిన సిమెంటు పలక. అది ఒకచోట అడుగెత్తు, ఒకచోట ర్యాంపు, ఒకచోట పలక లేచిపోయి గుంత. గల్లీ మొగదలకు వచ్చినప్పటికి మోరీ భూగర్భమునకు పోవును, పలక అంతమగును, మనుష్యుడు రోడ్డులో పడును. వెడల్పు కనీసము 1.8 మీటర్లు, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు అను ప్రమాణములను ఏ దుకాణము ర్యాంపును ఖాతరు చేయదు. కాబట్టి మన చోట తెగని ఫుట్‌పాత్ అనునది వాస్తవమునకు తెగని మోరీ కప్పే. దీనికి లాభమున్నది, చిక్కునున్నది. లాభమేమన, మోరీని బాగుచేయు నిధితోనే మొగను లేపవచ్చును. చిక్కేమన, మొగను లేపినచో రోడ్డు అంచున పారు వాననీరు నిలిచిపోవును. 2025 ఆగస్టు చివర కామారెడ్డిని ముంచివేసిన వానలను చూచినవారెవరును దీనిని తేలికగా త్రోసిపుచ్చజాలరు. అరుగు క్రింద తూము, అరుగు అంచున ఇనుప జాలీ, ఆ జాలీని వానలకు ముందు శుభ్రము చేయు మనుష్యుడు, ఈ మూడును లేని అరుగును కట్టకుండుటయే మేలు.

చూపును గూర్చి కొద్దిమాటలు. మూలమీద నిలిపిన కారు, తోపుడు బండి, ట్రాన్స్‌ఫార్మరు గద్దె, జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ, ఇవి నాలుగును కలిసి గల్లీ మొగను గుహను చేయును. మూలను బిగించినంతమాత్రమున చాలదు; బిగించిన చోట కార్లు నిలువకుండ రాతి గుంజలు పాతవలయును. చౌరస్తా నడుమ హైమాస్టు దీపము మిట్టమధ్యాహ్నమువలె వెలుగుచుండగా, పక్క గల్లీ మొగ చీకటిలోనుండుట రాత్రివేళ బస్సు దిగి ఇంటికి పోవువారందఱు ఎఱిగినదే. ఒక చిన్న దీపమును మొగదలకు మళ్ళించుటకు ఖర్చు స్వల్పము.

పట్టణము దాటినచో సమస్య రూపము మారును. కామారెడ్డినుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోవు దారిలో గ్రామమునకు పోవు పక్కరోడ్డు చీలు చోటును జనము ‘స్టేజీ’ యందురు. ఈ స్టేజీ ఒకేచోట బస్‌స్టాపు, ఆటోల అడ్డా, చాయ్ హోటలు, పాలడబ్బాలు దింపు గద్దె, పాదచారులు దాటు తావు. బస్సు సరిగా పక్కరోడ్డు మొగనే ఆగును. ఆటోలు ఆ మొగలోనే కాచుకొనియుండును. దిగిన బడిపిల్లలు ఆ రెండింటి సందునుండి వెలువడుదురు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు వాహనము ఆగుటకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో 80 మీటర్ల చూపు కావలెను; 40 వేగమునకైనచో 45 మీటర్లు చాలును. బస్సు వెనుకనుండి వెలువడు పిల్లవానికి 10 మీటర్ల చూపు నుండదు. ఇచ్చట చేయవలసినది బస్సు ఆగు చోటును మొగ దాటిన పిమ్మట కొంతదూరమునకు జరపుట, ఆటోలకు మొగ వెలుపల చప్టా పోయుట, పక్కరోడ్డుపై ప్రమాణమైన బ్రేకరు వేయుట, మొగ మధ్య ఒక ద్వీపము కట్టి పాదచారి ఒక్కొక్క దిశను వేరువేరుగా దాటునట్లు చేయుట. ఫుట్ ఓవర్ బ్రిడ్జిలను ఇట్టి చోట్ల సూచించువారితో నేను ఏకీభవింపను. ఆరు మీటర్ల దారికొఱకు నలుబది మెట్లెక్కు ప్రాణి లేదు.

ఇంతయు తెలిసియు జరుగకుండుటకు ముఖ్యహేతువు గల్లీ మొగ ఎవరిదియు కాకుండుట. ప్రధాన వీథి ఒకచోట రోడ్లు భవనముల శాఖది, ఒకచోట జాతీయ రహదారుల విభాగముది. గల్లీ పురపాలక సంఘముది. స్టేజీవద్ద చీలు దారి పంచాయతీరాజ్ శాఖది. స్తంభము విద్యుత్ సంస్థది. నిలిపిన బండ్లు పోలీసువారివి. ఒక కంట్రాక్టరు తారు పోసికొనుచు వచ్చి మొగదల ఆపును, ఇంకొకడు సిమెంటు పోసికొనుచు వచ్చి మొగదల ఆపును. నడుమ మిగిలిన గతుకుల అరమీటరులో పాదచారి కాలు మడతపడును. 2023 జనవరిలో కామారెడ్డి ముసాయిదా మాస్టర్ ప్లానుపై రైతులు కలెక్టరేటును ముట్టడించి, పాలకవర్గముచేత దానిని ఉపసంహరింపజేసిన వృత్తాంతము పాఠకులకు గుర్తుండును. సాగుభూములు పారిశ్రామిక మండలములోనికి పోవునన్న వారి ఆవేదన న్యాయమైనదే. అయితే పటముపై గీయు పెద్ద రోడ్ల వెడల్పులపై అంత రగడ జరుగు ఊళ్ళలో, ఆ రోడ్లలో గల్లీలు ఏ వంపున వచ్చి కలియవలెనను ముచ్చట పటములలోనికే రాదు. ప్రతి కొత్త రోడ్డు అంచనాలోను మొగ పనిని ప్రధాన రోడ్డు కంట్రాక్టులోనే చేర్చి, పక్కరోడ్డు లోపలికి కొన్ని మీటర్లవరకు ఒక్క చేతిమీదుగానే కట్టించుట దీనికి ఉపాయము. లేనిచో 198ఎ సెక్షను క్రింద జరిమానా ఎవరికి వేయవలెనో గూడ తేలదు.

ఒక బలమైన ఆక్షేపణ మిగిలియున్నది. మూలలు బిగించినచో చెఱకు ట్రాలీ, వడ్ల లోడు డీసీఎం, కామారెడ్డి గాంధీ గంజ్‌కు బెల్లము తెచ్చు బండి తిరుగుటెట్లు? ఇది వట్టి సాకు కాదు. ట్రాక్టరు వెనుక ట్రాలీ చక్రము మూలను కోసికొని పోవు సంగతి గంజ్ హమాలీలెఱుగుదురు. దీనికి ఇతర దేశముల ఇంజనీర్లు కనుగొన్న మధ్యేమార్గము మనకును సరిపడును. 3 మీటర్ల బిగుతైన మూలకు వెలుపల, నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే ఎత్తుగా, గరుకు రాళ్ళతో ఒక చప్టా పరతురు. కారును, మోటారుసైకిలును నడుపువాడు ఆ గరుకును తప్పించుకొని చిన్న వంపుననే తిరుగును. ట్రాలీ చక్రము మాత్రము మెల్లగా దానిపైకెక్కి దిగును. పాదచారి నిలుచు అరుగు దానికి లోపల ఎత్తున నుండును. చప్టా ఎంత వెడల్పుండవలెనో కాగితముపై వాదించుకొననక్కరలేదు. మొదట సున్నముతో గీచి, ఇసుకబస్తాలు పేర్చి, పంట వచ్చు కాలమున రెండు వారములు విడిచినచో, ఏ బస్తా నలిగినదో ఏది నలగలేదో చూచి తాపీపనివాడే కొలత చెప్పగలడు. ఈ పరీక్షకు హైవే అధికారుల అనుమతి అక్కరలేని గల్లీనే ముందు ఎంచుకొనవలెను. ఎల్లారెడ్డిలో బడి ఉన్న గల్లీ, కామారెడ్డిలో పాత హైవేమీదికి తెరచుకొన్న ఆస్పత్రి గల్లీ అయినచో మఱియు మంచిది.